ఆఫీసు గదిలో మొక్కలు: నిజంగా ఒరిగేదేమిటి, వాటిని బతికించేదెలా?

కొత్తచిగురు

అందరికీ నమస్కారం. మేం పనిచేసే గదిలో మొక్కలు పెట్టాలనుకుంటున్నాం. కొనేముందే అన్నీ తెలుసుకుందామని అడుగుతున్నాను.

గదిలో 12 బల్లలున్నాయి. తూర్పు వైపు ఒకటే పెద్ద కిటికీ. దానికి దూరంగా ఉన్న రెండు వరుసలకి పట్టపగలు కూడా లైట్ల వెలుతురే దిక్కు. ఏసీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. వారానికి రెండు రోజులు గది మూసే ఉంటుంది, ఆ రెండు రోజులూ లైట్లుండవు.

మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని, ఆక్సిజన్ పెంచుతాయని ఎక్కడ చూసినా రాస్తున్నారు. అది ఎంతవరకు నిజం? నిజం కాకపోతే వాటివల్ల ఇంకేం ఉపయోగం? ఈ వెలుతురులో ఏ మొక్కలు నిలబడతాయి? నీళ్లు ఎప్పుడు, ఎన్ని పోయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

నీడపట్టు

కొత్తచిగురు గారూ, ముందు గాలి సంగతి తేల్చేద్దాం. ఎన్ని మొక్కలు కొనాలి, ఎక్కడ పెట్టాలి అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గాలిని శుభ్రం చేస్తాయన్న మాటకి మూలం 1989లో నాసా తరఫున వోల్వర్టన్ బృందం చేసిన ప్రయోగాలు. అవి అబద్ధం కావు. కాకపోతే గాలి చొరబడని చిన్న పెట్టెలో మొక్కను ఉంచి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి వదిలి, ఒక రోజులో ఎంత తగ్గిందో కొలిచారు. మనం కూర్చునే గది అలా ఉండదు. తలుపు తీసినప్పుడల్లా, కిటికీ సందుల్లోంచి, ఏసీ గొట్టాల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. ఆ మార్పిడి ముందు మొక్క చేసే పని లెక్కలోకి రాదు. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీకి చెందిన కమ్మింగ్స్, వేరింగ్ అప్పటిదాకా వచ్చిన 12 పరిశోధనల్లోని 196 ప్రయోగాలను ఒకే కొలమానంలోకి తెచ్చి చూశారు. మామూలు భవనంలో గాలి మారడం వల్ల జరిగే శుభ్రతకి మొక్కలతో సరితూగాలంటే ఒక్కో చదరపు మీటరు నేలకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. తక్కువ లెక్క పట్టుకున్నా గదిలో మనుషులకి చోటుండదు.

కార్బన్ డయాక్సైడ్ లెక్క ఇంకా తేలిక. కూర్చుని పనిచేసే మనిషి గంటకి సుమారు 30 గ్రాములు వదులుతాడు. ఆఫీసు లైటు కింద నీడమొక్క ఆకు చదరపు మీటరుకి గంటకి 0.15 గ్రాము పీల్చడం కూడా కష్టమే. అంటే ఒక్క మనిషికి కనీసం 200 చదరపు మీటర్ల ఆకు కావాలి. బల్ల మీది కుండీలో అర చదరపు మీటరు ఆకు ఉంటే గొప్ప. కాబట్టి గదిలో గాలి బరువుగా ఉంటే కిటికీ తెరవండి, లేదా ఏసీలో బయటి గాలి వచ్చే దారి తెరిచి ఉందో లేదో చూపించండి. ఆ పని మొక్కల మీద వేయొద్దు.

రాత్రి మొక్కలు ఆక్సిజన్ తాగేస్తాయన్న భయం కూడా ఇదే కొలతతో పోతుంది. పగలు ఇచ్చేది ఎంత తక్కువో, రాత్రి తీసుకునేది అంతకన్నా తక్కువ.

మరి ఎందుకు పెట్టాలి? కళ్ల కోసం, మనసు కోసం. ఇది నేను తీసిపారేసి చెప్తున్న మాట కాదు, అసలు లాభం అక్కడే ఉంది. గంటల తరబడి కంప్యూటర్ తెర మీద దృష్టి నిలిపితే ఏకాగ్రత అలిసిపోతుంది. ఆకుల మీదికి చూపు వెళ్లినప్పుడు మనం ప్రయత్నం చేయకుండానే అక్కడ నిలుస్తుంది, ఆ కాసేపట్లో అలిసిన ఏకాగ్రత తేరుకుంటుంది. రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందటే చెప్పిన సిద్ధాంతం ఇది. 2015లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్లు 150 మంది విద్యార్థులకి విసుగు పుట్టించే పని ఒకటిచ్చారు. మధ్యలో 40 సెకన్లపాటు కొందరికి పచ్చని మిద్దెతోట బొమ్మ, కొందరికి వట్టి కాంక్రీటు మిద్దె బొమ్మ చూపించారు. పచ్చదనం చూసినవాళ్లు ఆ తర్వాత తక్కువ తప్పులు చేశారు.

అచ్చంగా ఆఫీసుల్లోనే చేసినవీ ఉన్నాయి. 2014లో బ్రిటన్, నెదర్లాండ్స్ ఆఫీసుల్లో, బోసిగా ఉన్న గదుల్లో మొక్కలు పెట్టి చూస్తే పని సుమారు 15 శాతం మెరుగుపడింది. జపాన్‌లో హ్యోగో యూనివర్సిటీ వాళ్లు 2020లో ప్రచురించిన ప్రయోగంలో 63 మంది ఉద్యోగులు అలసట అనిపించినప్పుడు తమ బల్ల మీది చిన్న మొక్కను మూడు నిమిషాలు చూశారు. ఆందోళన తగ్గింది, కొందరిలో నాడి వేగం కూడా తగ్గింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ మొక్కను ఎవరికి వాళ్లే ఎంచుకున్నారు, ఎవరి మొక్కను వాళ్లే చూసుకున్నారు.

దీన్నిబట్టి మీ గదికి రెండు సంగతులు తేలుతున్నాయి. కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ తెర మీంచి తల కొద్దిగా తిప్పితే కనీసం ఒక మొక్క కనిపించాలి. వీపు వెనక ఇరవై కుండీలున్నా దండగే. రెండోది, ఆ మొక్క నిగనిగలాడుతూ ఉండాలి. దుమ్ము పట్టి, పసుపు ఆకులతో వేలాడే మొక్క ఎదురుగా ఉంటే చూపుకి విశ్రాంతి రాదు.

లక్స్‌లెక్క

నీడపట్టు గారి మాటకి కొనసాగింపుగా వెలుతురు గురించి. ఆఫీసు మొక్కల చావులో సగం కొనే రోజే ఖాయమవుతుంది, అందం చూసి కొనడం వల్ల.

మన కన్ను ఈ విషయంలో నమ్మదగ్గది కాదు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. కిటికీ గట్టు మీద 10,000 లక్స్, లోపలి బల్ల మీద 300 లక్స్ ఉన్నా, రెండు చోట్లా చదువుకోగలం కాబట్టి పెద్ద తేడా లేదనుకుంటాం. మొక్కకి అది ముప్పై రెట్ల తేడా. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. ఫోన్‌ని మొక్క ఆకులు ఉండబోయే ఎత్తులో, తెర పైకి చూసేలా పట్టుకోండి. వెలుతురుని కొలిచే సెన్సర్ సాధారణంగా సెల్ఫీ కెమెరా పక్కనే ఉంటుంది. చెయ్యి నీడ దాని మీద పడకూడదు. పొద్దున పదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ప్రతి బల్ల దగ్గరా రాసుకోండి. ఫోన్ కొలత అటూ ఇటూ ఇరవై శాతం తప్పినా మనకి పరవాలేదు.

100 లక్స్ కన్నా తక్కువున్న చోట ఏ మొక్కా బతకదు. చాలా నెమ్మదిగా చస్తుంది, అంతే. 200 నుంచి 500 దాకా జెడ్‌జెడ్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, ముదురాకుపచ్చ అగ్లోనిమా, మామూలు ఆకుపచ్చ మనీ ప్లాంట్ నిలబడతాయి. పెరగడం మాత్రం అంతంతమాత్రం. 500 నుంచి 1000 ఉంటే స్పైడర్ ప్లాంట్, పీస్ లిలీ, ఫిలోడెండ్రాన్ కలుపుకోవచ్చు. పీస్ లిలీ పువ్వు పూయాలంటే 1000 దాటాలి. ఎరుపు, గులాబీ రంగు అగ్లోనిమాకీ, తెల్ల మచ్చల మనీ ప్లాంట్‌కీ అంతే. ఆకులో తెల్లగా ఉన్న భాగంలో పత్రహరితం ఉండదు. అందుకే వెలుతురు చాలనప్పుడు కొత్త ఆకులు మచ్చల్లేకుండా పచ్చగా వస్తాయి, మనం కొన్న అందం పోతుంది.

చిన్న కాక్టస్‌లు, గులాబీ రేకుల్లా అమరిన సక్యులెంట్లు, కలబంద లోపలి బల్లలకి వద్దు. బల్ల మీద ముద్దుగా ఉంటాయని ఎక్కువమంది వాటినే కొంటారు. ఎండలో పుట్టి పెరిగే మొక్కలవి. నెల తిరక్కుండానే కాడ పాలిపోయి, మెడ సాగినట్టు లైటు వైపు వంగుతాయి. సాగిన కాడ మళ్లీ పొట్టిది కాదు. క్రోటన్, ఫైకస్ బోన్సాయ్ కూడా లోపలికి తేగానే ఆకులు రాలుస్తాయి.

మీకు వారానికి రెండు రోజులు చీకటి కాబట్టి లెక్కలో ఆ కోత కూడా వేసుకోవాలి. లోపలి రెండు వరుసలకి రెండు దారులున్నాయి. ఒకటి వంతులు: ఒక్కో చోటుకి రెండేసి మొక్కలు ఉంచి, రెండు వారాలు బల్ల మీద, రెండు వారాలు కిటికీ దగ్గర మారుస్తుండటం. ఖర్చు లేని పద్ధతి, బాగా పనిచేస్తుంది. రెండోది గ్రో లైటు, అంటే మొక్కల కోసమే పెట్టే లైటు. ఊదా రంగు లైటు అక్కర్లేదు, కళ్లకి చికాకు కూడా. 4000 నుంచి 6500 కెల్విన్ (లైటు రంగుని చెప్పే కొలత) మధ్య తెల్ల ఎల్ఈడీ, 10 నుంచి 15 వాట్లు, ఆకులకి 30 సెంటీమీటర్ల ఎత్తులో, రోజుకి పది పన్నెండు గంటలు వెలిగేలా టైమర్ పెట్టండి. సెలవు రోజుల్లో కూడా అదే వెలుగుతుంది. మనిషి కళ్లలో నేరుగా పడకుండా పైన షేడ్ ఉన్న దీపం చూసుకోండి.

తూర్పు కిటికీ మీకు వరం. పొద్దుటి ఎండ మెత్తగా ఉంటుంది. అయినా పీస్ లిలీ, అగ్లోనిమా అద్దానికి ఆనించకుండా అరమీటరు లోపలికి పెట్టండి, లేదంటే ఆకు మీద గోధుమరంగు ఎండుమచ్చలు వస్తాయి.

ఇంకొకటి. ఏసీ గాలి సూటిగా తగిలే చోట ఏదీ పెట్టొద్దు, కనీసం మీటరున్నర పక్కకి జరపండి. అగ్లోనిమాకి 15 డిగ్రీల కంటే చల్లటి గాలి తగిలితే ఆకు మీద నూనె మరకల్లాంటి ముదురు మచ్చలు పడతాయి. చాలామంది అది తెగులనుకుని మందు కొడతారు.

వేరుపట్టు

వెలుతురు అయ్యాక మిగిలిన సగం చావు నీళ్ల వల్ల. నీళ్లు తక్కువై చచ్చేవాటికన్నా ఎక్కువై చచ్చేవే ఎన్నో రెట్లు.

కారణం తెలిస్తే చెయ్యి దానంతటదే అదుపులో ఉంటుంది. వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉండాలి. ఆ సందులన్నీ నీటితో నిండితే ఆక్సిజన్ లోపలికి వెళ్లే వేగం గాలిలో కన్నా దాదాపు పది వేల రెట్లు పడిపోతుంది. ఊపిరాడని వేరు మెత్తబడుతుంది, దాని మీద కుళ్లు పుట్టించే బూజు జాతి సూక్ష్మజీవులు చేరతాయి. ఆఫీసులో వెలుతురు తక్కువ కాబట్టి మొక్క నీళ్లు తాగేదీ తక్కువే. ఆరుబయట రెండు రోజుల్లో ఆరే కుండీ ఇక్కడ రెండు వారాలు తడిగానే ఉండొచ్చు.

మోసం ఎక్కడుందంటే, వేరు కుళ్లిన మొక్క కూడా దాహంతో ఉన్న మొక్కలాగే వాడుతుంది. తాగే వేరు లేదు కదా మరి. అది చూసి ఇంకో మగ్గు పోస్తారు. అందుకే ఆకు వేలాడగానే నీళ్లు పట్టుకోకుండా మట్టిలో వేలు పెట్టండి. మట్టి పొడిగా ఉండి వాడితే దాహం. మట్టి తడిగా ఉండి వాడితే వేరుకుళ్లు.

ఎప్పుడు పోయాలన్నదానికి క్యాలెండర్ పెట్టుకోవద్దు. నాలుగైదు సెంటీమీటర్ల లోతు, అంటే వేలి రెండో కణుపు దాకా గుచ్చి చూడండి. లేదా సన్నటి చెక్కపుల్లని కుండీ అడుగుదాకా దించి, ఐదు నిమిషాలాగి తీయండి. పుల్ల ముదురు రంగుకి తిరిగి, మట్టి అంటుకుని వస్తే ఇంకా టైముంది. అన్నిటికన్నా మంచిది బరువు. నీళ్లు పోసిన రోజున కుండీని రెండు చేతులతో ఎత్తి చూడండి, వారం తర్వాత మళ్లీ ఎత్తండి. మూడు నాలుగు సార్లు చేస్తే ఎత్తగానే తెలిసిపోతుంది. మనీ ప్లాంట్, అగ్లోనిమాలకి పైన నాలుగు సెంటీమీటర్లు ఆరాక పోయాలి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్‌లకి అడుగుదాకా ఆరాలి, ఏసీ గదిలో అది మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. జెడ్‌జెడ్ మట్టి కింద చిన్న బంగాళదుంపల్లాంటి దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. స్నేక్ ప్లాంట్‌కి ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలవకుండా కుండీ అంచు వెంబడి పోయండి, నిలిస్తే మొదలు దగ్గర కుళ్లి ఆకు చేతికే ఊడొస్తుంది.

పోసేటప్పుడు గుక్కెడు గుక్కెడు పోయొద్దు. 15 సెంటీమీటర్ల కుండీకి 250 నుంచి 300 మిల్లీలీటర్లు, నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ, అడుగు రంధ్రంలోంచి కొంచెం బయటికి వచ్చేదాకా పోయాలి. అలా కారితేనే మట్టిలో పేరుకున్న లవణాలు కూడా కొట్టుకుపోతాయి. పావుగంట తర్వాత పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయాలి. రంధ్రం లేని అందమైన కుండీ ఉంటే అందులో నేరుగా నాటొద్దు. రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీతో సహా మొక్కని అందులో కూర్చోబెట్టి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పోసి, కారడం ఆగాక లోపల పెట్టండి. కరెంటు బోర్డులు, తీగలు ఉండే బల్లల మీద ఇది భద్రత కోసం కూడా తప్పనిసరి. సింకు దగ్గరికి తీసుకెళ్లి పోయడమే మంచిది.

అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా ఇంకుతుందన్నది పాత నమ్మకం, కానీ తప్పు. సన్నటి మట్టిలోంచి నీరు పెద్ద రాళ్ల సందుల్లోకి తేలిగ్గా దిగదు. రాళ్ల పైనే ఒక తడి పొరగా ఆగుతుంది. రాళ్లు వేసినకొద్దీ ఆ తడి పొర వేళ్లకి దగ్గరవుతుంది. రంధ్రం మీద దోమతెర ముక్క ఒకటి వేసి, కుండీ నిండా ఒకే మిశ్రమం నింపండి.

మిశ్రమం కొలతల్లో: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక పాలు. జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్‌లకి పెర్లైట్ రెండు పాళ్లు చేయండి, లేదంటే గరుకు ఇసుక. కోకోపీట్ ఇటుకని నానబెట్టి, పిండి, మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడగాలి. దానిలో ఉప్పు మిగిలి ఉంటే ఆకు కొసలు మాడతాయి. తోటలోని మట్టి ఒక్కటే వేస్తే రెండు నెలల్లో ఇటుకలా గట్టిపడుతుంది. కుండీ మార్చేటప్పుడు పాతదానికన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే వెడల్పున్నది తీసుకోండి. చిన్న మొక్కకి పెద్ద కుండీ ఇస్తే వేళ్లు చేరని మట్టి తడిగా ఉండిపోయి అక్కడినుంచే కుళ్లు మొదలవుతుంది.

ఎరువు విషయంలో తొందర వద్దు. 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి ఒక గ్రాము, కొత్త ఆకులు వస్తున్న కాలంలో నెలకోసారి, తడి మట్టి మీద. 300 లక్స్‌లో ఉన్న మొక్కకి మూడు నెలలకోసారి చాలు. వెలుతురు లేనిచోట ఎరువు తిండి కాదు, ఉప్పు అవుతుంది.

చివరిగా, గది మొత్తానికి నీళ్లు పోసే మనిషి ఒక్కరే ఉండాలి, లేదా ఎవరి బల్ల మొక్క వాళ్లది. పన్నెండు మంది ప్రేమగా తలా కాస్త పోస్తే వారంలో వేరు కుళ్లుతుంది. మిగిలిన టీ, కాఫీ కుండీలో పోయడం పూర్తిగా మాన్పించండి. చక్కెర, పాలు మట్టిలో పులిసి పురుగుల్ని పిలుస్తాయి.

కొత్తచిగురు

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంకో మూడు సందేహాలు. గదిలో ముందే ఉన్న రెండు కుండీల చుట్టూ ఆవగింజంత నల్ల ఈగలు తిరుగుతున్నాయి, కంప్యూటర్ తెర మీద కూడా వాలుతున్నాయి. దోమలా? స్పైడర్ ప్లాంట్ కొసలన్నీ గోధుమరంగులోకి మారాయి. మట్టి గొడవ లేకుండా మనీ ప్లాంట్‌ని సీసాలో నీళ్లలో పెంచితే సరిపోతుందా?

తీగపందిరి

అవి దోమలు కావండీ, కుట్టవు. తడి మట్టి మీద బతికే ఫంగస్ నాట్స్. పిల్లపురుగులు పైన నాలుగైదు సెంటీమీటర్ల మట్టిలోనే ఉండి బూజుని, లేత వేళ్లని తింటాయి. నిర్ధారణకి ఒక బంగాళదుంప ముక్క కోసి, కోసిన వైపు మట్టికి ఆనేలా బోర్లించండి. రెండు రోజుల తర్వాత తిప్పి చూస్తే నల్ల తల, అద్దంలాంటి ఒంటితో దారప్పోగుల్లా పురుగులు కనిపిస్తాయి.

మందుకన్నా ముందు మట్టి పైభాగం మూడు సెంటీమీటర్లు పూర్తిగా ఆరనివ్వండి. తడి లేకపోతే గుడ్లు పొదగవు. పెద్ద ఈగల్ని పట్టడానికి పసుపు జిగురు అట్టని మట్టికి దగ్గరగా, పడుకోబెట్టినట్టు పెట్టండి. నిలబెట్టి పైన పెడితే సగం తప్పించుకుంటాయి. పిల్లపురుగులకి బీటీఐ అనే బాక్టీరియా మందు, ప్యాకెట్ మీది మోతాదులో, నీళ్లు పోసే ప్రతిసారీ కలిపి ఇవ్వండి. గుడ్డు నుంచి ఈగ దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి నెలరోజులు విడవకుండా చేయాలి. పది రోజులకే ఈగలు తగ్గాయని ఆపేస్తే మట్టిలో ఉన్న తర్వాతి తరం పైకొస్తుంది.

ఇక్కడ వేరుపట్టు గారితో ఒక్క మాట తేడా. మూసి ఉండే గదుల్లో వర్మీకంపోస్టు ఒక పాలు ఎక్కువే. ఈగలకి ఇష్టమైన చోటు అదే. సగం పాలు చాలు, ఆ లోటు నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలతో పూడ్చుకోవచ్చు.

స్పైడర్ ప్లాంట్ కొసలకి ఎక్కువగా నీళ్లే కారణం. ఆ మొక్కకి ఫ్లోరైడ్, లవణాలు పడవు. కుళాయి నీళ్లని రాత్రంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది, ఫ్లోరైడ్ పోదు. వాననీరు గానీ ఆర్వో నీరు గానీ పోయండి. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు పోసి అడుగునుంచి పూర్తిగా కారనివ్వండి. ఎండిన కొసని కత్తెరతో ఆకు ఆకారంలోనే ఏటవాలుగా కత్తిరించండి, పచ్చభాగం తెగకుండా ఒక గీతంత ఎండు అంచు వదిలేయాలి.

నీళ్లలో మనీ ప్లాంట్ చక్కగా పెరుగుతుంది. కాడ మీద ఆకు మొలిచే చోట ఉబ్బెత్తుగా గోధుమరంగు బొడిపె కనిపిస్తుంది, వేరు వచ్చేది అక్కడినుంచే. రెండు మూడు కణుపులున్న ముక్కని, కింది కణుపుకి ఒక సెంటీమీటరు దిగువన కోయండి. కణుపు నీళ్లలో ఉండాలి, ఆకు ఉండకూడదు. మునిగిన ఆకు కుళ్లి నీళ్లు వాసనొస్తాయి. రెండు మూడు వారాల్లో తెల్ల వేళ్లు దిగుతాయి. వారానికోసారి నీళ్లు మొత్తం పారబోసి, సీసా లోపల రుద్ది కడిగి మార్చండి. నిలవ నీళ్లలో దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది, అందుకే వారం దాటనివ్వొద్దు. అద్దం సీసాలో వెలుతురు తగిలి పాచి పడుతుంది, ముదురు రంగు సీసా అయితే పట్టదు. రెండు నెలల తర్వాత ఆకులు పాలిపోతే లీటరుకి పావు గ్రాము 19-19-19, నెలకోసారి. నీళ్ల వేళ్లతో పెరిగినదాన్ని ఏడాది తర్వాత మట్టిలోకి మారిస్తే సర్దుకోవడానికి చాలా తంటాలు పడుతుంది. మట్టిలో పెంచాలనుకుంటే వేళ్లు వేలి పొడవు రాగానే మార్చేయండి.

ఒక జాగ్రత్త. మనీ ప్లాంట్, జెడ్‌జెడ్, పీస్ లిలీ, అగ్లోనిమా ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. కోశాక చేతులు కడుక్కోండి. ఇంట్లోనే పనిచేసుకునేవాళ్లు, పిల్లలూ పిల్లులూ తిరిగే గదైతే స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్ ఎంచుకోవడం మేలు.

లక్స్‌లెక్క

ఆకుల దుమ్ము గురించి ఎవరూ చెప్పలేదు. దుమ్ము పొర అసలే తక్కువున్న వెలుతురుని ఇంకా కోస్తుంది. రెండు వారాలకోసారి ఆకు కింద అరచెయ్యి ఆనించి, తడి మెత్తగుడ్డతో కాడ వైపునుంచి కొస దాకా తుడవండి. నూనె, పాలు, మెరుపునిచ్చే స్ప్రేలు వద్దు, జిడ్డుకి దుమ్ము ఇంకా పడుతుంది.

తుడిచేటప్పుడే ఆకు అడుగు చూడండి. ఏసీ పొడిగాలిలో ఎర్రనల్లి వస్తుంది: ఆకు మీద సూది పొడిచినట్టు లేత చుక్కలు, అడుగున సన్నటి సాలెగూడు లాంటిది. కాడ గుబుర్లలో దూదిలాంటి తెల్ల మూటలుంటే పిండినల్లి. పిండినల్లిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడవండి. ఎర్రనల్లికి ముందు కుళాయి కింద ఆకు అడుగులు కడిగి, తర్వాత లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారం తేడాతో మూడు సార్లు. పట్టిన మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టడం మర్చిపోవద్దు, ఆకులు తగిలితే చాలు పాకుతాయి.

కొత్తచిగురు

చివరి ప్రశ్న. పదిహేను రోజులు గది పూర్తిగా మూసేస్తే ఏం చేయాలి?

వేరుపట్టు

జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్‌లకి ఏమీ అక్కర్లేదు, వెళ్లేముందు నీళ్లు కూడా పోయొద్దు. చీకట్లో తడి మట్టి వాటికి ప్రమాదం. మిగతావాటికి చివరి రోజున నిండా పోసి, పళ్లేలు ఖాళీ చేసి, కిటికీకి ఒకటి రెండు మీటర్ల దూరంలో అన్నిటినీ ఒకచోట దగ్గరగా చేర్చండి. గుంపుగా ఉంటే నెమ్మదిగా ఆరతాయి. కిటికీ తెర పూర్తిగా దించొద్దు.

పీస్ లిలీ ఒక్కటే పదిహేను రోజులు ఆగదు. దానికి నైలాన్ లేదా పాలిస్టర్ తాడు ఒక కొస కుండీ మట్టిలో ఐదు సెంటీమీటర్ల లోతున, రెండో కొస పక్కన ఉన్న లీటరు నీళ్ల సీసా అడుగున ఉండేలా పెట్టండి. నీళ్లమట్టం మట్టికన్నా పైకి ఉండకూడదు, ఉంటే సైఫన్‌లా మొత్తం ఒక్కరోజులో కుండీలోకి దిగిపోతుంది. నూలు తాడు వద్దు, కుళ్లిపోతుంది. తాడుని ముందే తడిపి, సెలవులకి మూడు రోజుల ముందే అమర్చి సీసాలో నీళ్లు తగ్గుతున్నాయో లేదో గీత గీసి చూసుకోండి.

తిరిగి వచ్చాక మట్టి బాగా ఎండి కుండీ అంచునుంచి విడిపోయి ఉంటే పైనుంచి పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి బయటికి వచ్చేస్తాయి, వేళ్లకి చుక్క కూడా అందదు. అలాంటి కుండీని సగం ఎత్తు మునిగేలా నీళ్ల తొట్టెలో అరగంట కూర్చోబెట్టండి. మట్టి పైన తడి కనిపించగానే తీసి, పూర్తిగా కారనిచ్చి, ఆ తర్వాతే బల్ల మీదికి చేర్చండి.